నాన్న మడిచిన ఇంజెరా

మా నాన్న కోపంతో లేచిపోలేదు. ముందు ఆ మాట తేల్చుకుని మిగతాది మాట్లాడుకుందాం.

పులివెందులలో ఉండే మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, పోయిన ఎండాకాలం నుంచి నలుగురు ఆడవాళ్లు చేరిన ప్రతిచోటా ఒక కథ చెబుతోంది. వ్రతానికి పోయినా అదే, సీమంతానికి పోయినా అదే.

"మా అక్క కూతురు పొద్దుటూర్లో కాలేజీ పిల్లోల్లకు పాఠాలు చెప్తాదే, ఆయమ్మ యాడిదో ఆఫ్రికా వంట చేసుకొచ్చి, పౌరోహిత్యం చేసుకునే మా బావను పెండ్లాంతో ఒకే పళ్లెంలో కూర్చోబెట్టింది. డెబ్బై ఆరేండ్ల మనిషి! ఎంగిలి తినలేక మడిచిపెట్టి లేచిపోయినాడు పాపం. నేను కండ్లారా చూసినా."

చూసింది. కాదనను. మడిచింది నిజం, లేచింది నిజం. అయితే చిన్నమ్మ చూసింది అంతవరకే. వెంటనే ఆ వార్త ఎవరికో చెప్పడానికి ఫోను తీసుకుని వీధి అరుగు మీదికి పోయింది. లోపల ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తెలియని సగాన్ని "పాపం" అనే మాటతో పూడ్చేసింది. సగం పాఠం విని పూర్తి జవాబు రాసే పిల్లల పేపర్లు ఇరవై రెండేళ్లుగా దిద్దుతున్నాను. ఆ రాత నాకు బాగా తెలుసు.

అసలు ఆ వంట ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలి. అమ్మానాన్నలు జమ్మలమడుగులో, నేను ప్రొద్దుటూరులో. బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. అమ్మకు చక్కెర జబ్బు. వేళకు తినాలి. ఆ ఒక్క పనే ఆమె చేయదు. నాన్న గుడి నుంచి వచ్చి, ఇంట్లో పూజ ముగించి, విస్తరాకు ముందు కూర్చునేసరికి ఒకటిన్నర, ఒక్కోరోజు రెండు. ఆయన తిని లేచాక, ఆయన తిన్న ఆకులోనే వడ్డించుకుని, వంటింటి గడప పక్కన గోడకు ఆనుకుని అమ్మ తింటుంది. అప్పటికి అన్నం చల్లారి ఉంటుంది, పప్పు గట్టిపడి ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచి ఇదే వరస. పోయినేడు ఉగాది దాటిన కొత్తలో ఒక మధ్యాహ్నం అలా ఎదురుచూస్తూనే కళ్లు తిరిగి పొయ్యిగట్టు మీద పడింది. నుదుటి మీద మూడు కుట్లు.

నేను ఊరుకుంటానా? క్లాసు వదిలేసి పరుగెత్తుకుంటూ పోయి ఇద్దరినీ దులిపేశాను.

"తినమనే చెప్తాండా. ఆమే తినదు. నన్నేం చేయమంటావు?" అన్నాడు నాన్న.

"ఆయన తినకుండా నేనెట్ల తినేదే? గొంతు దిగుతాదా?" అంది అమ్మ, నుదుటి మీద కట్టుతోనే.

"అయితే ఇద్దరూ ఒకేసారి కూర్చోండి."

"వడ్డించేదెవరు?"

"నువ్వే. తింటూ తింటూ వడ్డించు."

"ఎంగిలి చేత్తో గరిటె పట్టుకోమంటావా? మహా చదివినావు!"

మా కాలేజీలో జీతాలు పెంచేవాళ్లు సైతం నేను గదిలోకి వస్తే కిటికీ వైపు చూస్తారు. అలాంటిదాన్ని, అమ్మ వేసిన ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక, చెప్పులేసుకుని బస్టాండుకు పోయాను. వడ్డించే మనిషి ఆఖరున తినాలి. తినే మనిషి వడ్డించకూడదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఈ ముడి ఎలా విప్పాలి? బస్సు ఊరు దాటిందో లేదో, సీట్లో నిటారుగా లేచి కూర్చున్నాను. వడ్డించే మనిషితో పనిలేని భోజనం ఒకటి ఉంది. నేను తిన్నాను కూడా. ఒకటి రెండుసార్లు కాదు, రెండేళ్ల పాటు ప్రతి శుక్రవారం!

పరిశోధన పూర్తి చేయడానికి నేను నలభయ్యో ఏట విశాఖపట్నం పోయి రెండేళ్లు హాస్టల్లో ఉన్నాను. పక్కగదిలో ఇథియోపియా నుంచి వచ్చిన ఆమె ఉండేది. నేల సారం మీద పరిశోధన. ఇద్దరు పిల్లలను తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. వాళ్ల క్రైస్తవ ఆచారంలో బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఆ రెండు రోజులూ మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏదీ ముట్టదు. మధ్యాహ్నం దాటాకే పొయ్యి వెలిగించేది. అంటే ఆ రోజుల్లో ఆమె వండేదంతా నేనూ తినగలిగిందే. ఒక శుక్రవారం తలుపు తట్టి పిలిచింది.

గది మధ్యలో చాట కంటే వెడల్పైన పళ్లెం ఒకటే ఉంది. దాని నిండా దుప్పటిలా పరిచిన అట్టు. దోసె లాంటిదే గాని మెత్తన, పుల్లన, ఒళ్లంతా చిన్న చిన్న రంధ్రాలు. ఆ రంధ్రాలను వాళ్లు కళ్లు అంటారు. కళ్లు ఎంత దట్టంగా పడితే చేసినామెకు అంత పేరు. అదే ఇంజెరా. దాని మీద కుప్పలు కుప్పలుగా శనగపిండితో చేసిన షిరో, ఎర్రటి మసూరుపప్పు, క్యాబేజీ. పక్కన చుట్టిపెట్టిన ఇంజెరాలు మరికొన్ని. తుంచుకోవడం, కూరను దాంతోనే అందుకోవడం, నోట్లో పెట్టుకోవడం. అంతా ముందే పళ్లెంలో ఉంటుంది. గరిటె లేదు, గిన్నె లేదు, మధ్యలో లేచే మనిషి లేదు.

నేను సందేహంగా ఒక అంచు తుంచుకునేలోపు ఆమె పెద్ద ముద్ద చుట్టి నా నోటి ముందు పెట్టింది. సమానత్వం మీద గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలిగిన నేను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇంకొకరి నోటి దగ్గరికి పోయివచ్చిన చెయ్యి! ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో రెండు వాడింది. "అక్కా, తిను." దాన్ని గుర్షా అంటారనీ, ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత అనీ, కాదంటే ముఖం మీద తలుపు వేసినట్టేననీ తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం కళ్లు మూసుకుని నోరు తెరిచాను. కారానికి కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. కారానికే అని ఆమెకు చెప్పాను.

ఇప్పుడామె సొంత దేశంలో పాఠాలు చెప్పుకుంటోంది. బస్సు దిగి ఇంటికి పోతూనే ఫోన్ చేసి సంగతి చెప్పాను. నాకంటే ఆమెకే తొందర ఎక్కువైంది. వాళ్లు వాడే టెఫ్ గింజ మనకు దొరకదు. గసాలంత సన్నది. "జొన్నతో చెయ్యి, మా ఊళ్లోనూ చేస్తారు" అంది. ప్రొద్దుటూరులో జొన్నలకు కొదవా? తెల్లజొన్న పిండిలో రోంత రాగిపిండి కలిపి పులియబెట్టాను. అక్కడ మూడు రోజులు పులిసేది మా ఎండలకు ఒకటిన్నర రోజుకే బుసబుస పొంగింది. మిరపకాయలు, మెంతులు, వాము, ఏలకులు, లవంగాలు, శొంఠి వేయించి దంచి, వాళ్ల బెర్బెరే కారం తయారు చేశాను. పేచీ వచ్చింది తెల్లగడ్డ దగ్గర, అదే వెల్లుల్లి. ఎర్రగడ్డ, అంటే ఉల్లి, మా ఇంట్లోకి నా చిన్నతనంలోనే వచ్చేసింది గాని, తెల్లగడ్డ ఇప్పటికీ గడప బయటే. అది లేకుండా షిరో ఏమిటని ఆమె ఫోన్లో తల పట్టుకుంది. బదులుగా ఇంగువ వేస్తానంటే, అదేమిటో చూపించమంది. చూపిస్తే, వాసన తెలియడం లేదని గోల. ముప్పావు గంట వాదించుకున్నాం. ఇంగువే గెలిచింది.

ఆదివారం పొద్దున పిండిని స్టీలు క్యానులో పోసి జమ్మలమడుగు బస్సెక్కాను. సగం దారిలో మూత టప్పుమని ఎగిరింది. నురగ నా చీర మీదికి, పక్క సీటు ఆమె సంచి మీదికి. ఆమె ముక్కు ఎగబీల్చి, నా నుదుటి బొట్టు చూసి, చేతిలోని కళ్లజోడు పెట్టె చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏందమ్మా అది, కల్లా?"

"దోసెల పిండి."

"ఇంత బాగా పులిస్తే దోసెలు మొగుడు తింటాడా, మత్తుకు పండుకుంటాడా?" బస్సులో ముందు వరసల వాళ్లు కూడా తిరిగి చూశారు. నేను వాళ్లకంటే గట్టిగా నవ్వాను. ఆ రోజు నన్నెవరూ చిన్నబుచ్చలేరు. అంత ఉత్సాహంగా ఉన్నాను.

ఇల్లు చేరేసరికి చిన్నమ్మ దిగి ఉంది. అమ్మ దెబ్బ చూసిపోదామని వచ్చిందట. "ఏమ్మే, బిందెతో వచ్చినావు, నీళ్లు రాలేదా మీకు?" అని మొదలుపెట్టింది. ఆమెను అరుగు మీదికి సాగనంపి వంటింట్లో పడ్డాను.

అమ్మ నా పక్కనే నిలబడింది. పెద్ద పెనం మీద పిండిని బయటి నుంచి లోపలికి చుట్టలుగా పోసి మూత పెట్టాను. తీసేసరికి, అబ్బ, కళ్లే కళ్లు! "చూడు మా, చూడు!" అని అరిచాను. అమ్మ చూసింది గాని, ఆమె దిగులు వేరు.

"ఇంగొక పక్క కాల్చవా?"

"కాల్చకూడదు. ఒక పక్కే."

"పచ్చిది పెడ్తావా మీ నాయనకు?"

"పచ్చిది కాదు, ఆవిరికి ఉడుకుతాది."

నేను షిరో కలపడానికి అటు తిరిగానో లేదో, అమ్మ రెండోదాన్ని చకచకా నూనె చుక్కలేసి తిరగేసింది. నా కళ్లన్నీ మాడి మూసుకుపోయాయి. "ఇప్పుడు బాగుంది" అంది తృప్తిగా. యాభై ఏళ్లు అట్లు పోసిన చెయ్యి, ఒక పక్కే కాలిన అట్టును చూస్తూ ఊరుకోలేదు. అదొక్కటి పక్కన పెట్టి, గరిటె లాక్కుని మిగతావి నేనే చేశాను.

పన్నెండున్నరకే నాన్నను పట్టుకోవాలి. మామూలుగా అయితే కుదరదు. కానీ మా నాన్నకు ఒక బలహీనత ఉంది, పంచాంగం. తిథి, నక్షత్రం, అధికమాసం అంటే అన్నం మాట మరిచిపోతాడు. దేవుడి ముందు కూర్చుని ఉన్నప్పుడే పోయి అన్నాను. "నాయనా, ఆ దేశంలో ఏడాదికి పదమూడు నెలలు తెలుసా?"

చేతిలో గంట ఆగిపోయింది. "అధికమాసమా?"

"కాదు. ప్రతి ఏడూ. పన్నెండు నెలలకు ముప్పై లెక్కన రోజులు, మిగిలిన ఐదో ఆరో రోజులు పదమూడో నెల."

"ప్రతి ఏడూనా? అట్లయితే వాళ్లకు క్షయతిథి గొడవే ఉండదు గదా! వాళ్లకు ఏడాది ఎప్పుడు మొదలు?"

"వచ్చి కూర్చుంటే చెప్తా."

ఆ రోజు పూజ ఎన్నడూ లేనంత బిరీన ముగిసింది. నెయ్యి లేని ఉపవాసం సంగతి కూడా చెప్పాను. "నెయ్యి గూడా లేకుండానా! మనకంటే గట్టోళ్లే" అని తల ఊపాడు. పళ్లెం ఒక్కటే కనిపించేసరికి ఆగాడు.

"ఇదేంది? ఇద్దరికీ ఒకటేనా?"

"నీ పక్క నీది, అమ్మ పక్క అమ్మది. చెయ్యి అవతలికి పోకూడదు. వడ్డించాల్సింది ఏమీ లేదు. ఎంగిలి చేత్తో గరిటె పట్టుకునే పనే లేదు."

నాన్న పళ్లెం చూశాడు, అమ్మ నుదుటి మీద కట్టు చూశాడు, కూర్చున్నాడు. ఉద్ధరిణెతో నీళ్లు తీసుకుని, మంత్రం చెబుతూ, పళ్లెం చుట్టూ పూర్తిగా కాకుండా తన వైపు సగానికి మాత్రం తిప్పాడు. ఎల్ల గీసుకున్నాడన్నమాట.

అమ్మ కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. "మీరు కానీండి, నేను తర్వాత..."

"తర్వాత లేదు మా. ఆరితే తోలు అయిపోతాది. కూర్చో."

"సిగ్గుగా ఉందే."

"ఎవరికి? నీ మొగుడే గదా ఆ పక్క ఉండేది, కలెక్టర్ కాదు."

నాన్న తలెత్తకుండా అన్నాడు, "కూర్చో, పాపం పాప పొద్దున్నించి కష్టపడతాంది." అమ్మ కూర్చుంది. పళ్లేనికి చెయ్యి చాచేంత దూరంలో, లేచి పరుగెత్తడానికి వీలుగా, ఒక మోకాలు పైకి పెట్టుకుని. మొదటి ముద్ద మింగి నాలుక చప్పరించింది. "పుల్లగా బాగుంది. ఈ కారం ఒక కారమా, మన పచ్చడి ముందర?" అంది. వేడివేడిగా, నాన్నతో పాటే, పన్నెండు నలభైకి మా అమ్మ అన్నం తింటోంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వంటింట్లోకి పోయి ఎగిరాను కూడా.

తిరిగి వేడి ఇంజెరాతో వచ్చేసరికి ఇదీ దృశ్యం. పైన ఉన్న కూరలన్నీ అయిపోయాయి. అమ్మ వేళ్లు నాకుతోంది. నాన్న భోజనం ముగిసిందన్నట్టు ఉత్తరాపోశనం తీసుకుని, పళ్లెంలో అడుగున పరిచిన ఇంజెరాను ఒక కొసన పట్టి, తన వైపుకు చక్కగా మడిచి లేచాడు. అప్పుడే చిన్నమ్మ మంచినీళ్ల కోసం లోపలికి వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో బావ!" అని, నీళ్లు కూడా తాగకుండా వెనక్కి తిరిగింది.

ఆమె భయపడటంలో అర్థం ఉంది. పెళ్లి భోజనాల్లో తప్ప ఇంట్లో నాన్న ఏనాడూ విస్తరి మడిచి ఎరగడు. మడిస్తే అమ్మ దేంట్లో తినాలి? మడిచాడంటే అలిగాడనే ఎవరైనా అనుకుంటారు. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను.

"నాయనా, అది ఆకు కాదు!" అని పెరట్లోకి పరుగెత్తాను. "కూడు! రసమంతా దిగి ఉండే అడుగుదే అసలు రుచి!"

నాన్న కొళాయి కింద చేతులు పెట్టుకుని అయోమయంగా చూశాడు. "కిందుండేది ఆకే అనుకున్నానే."

"ఆకే అనుకో. ఎప్పుడూ లేనిది ఏమిటికి మడిచినావు?"

"మీ అమ్మ నాతోనే తినేసింది గదా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఇంగ ఆ ఆకుతో ఆమెకేం పని? అందుకే మడిచినా."

ఇది చిన్నమ్మ వినలేదు. నేను విన్నాను. పొయ్యి మీద పెనం ఉందన్న ధ్యాస కూడా పోయి, అక్కడే నిలబడ్డాను.

లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏమండీ, పులుసంతా దీంట్లోనే ఉంది. శానా బాగుంది. రాండి." పోయి చూస్తే, మడత విప్పి, మధ్యలోంచి తుంచుకుని తింటోంది. నోట్లో ముద్ద పెట్టుకుని ఆయనను అన్నానికి పిలవడం, ఆ ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు.

ఉత్తరాపోశనం అయిన మనిషి మళ్లీ తినకూడదు. ఆ నియమం నాన్న చిన్నప్పటి నుంచి తప్పింది లేదు. గడప దగ్గర నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నేను వాదన మొదలుపెట్టబోతే అమ్మ కళ్లతోనే నోరు మూయించింది. చివరికి నాన్న అన్నాడు.

"ఏడాదికి పదమూడో నెల పెట్టుకున్నోళ్లు, భోజనానికి రెండోసారి కూర్చోవడం పెట్టుకోకుండా ఉంటారా?"

కూర్చున్నాడు. ఈసారి నీళ్లతో ఎల్ల గీయలేదు. నేను అమ్మకు ఒక పెద్ద ముద్ద చుట్టి నోట్లో పెట్టాను, గుర్షా సంగతి చెబుతూ. "ఛీ, నేనేమన్నా పసిబిడ్డనా" అంటూనే మింగింది. తిరిగి నాకూ పెట్టింది. నాన్న మా ఇద్దరి వైపూ వింత చూసినట్టు చూశాడు. ఇంతలో మాడు వాసన వచ్చి వంటింట్లోకి పరుగెత్తాను.

నేను పొయ్యి వైపు తిరిగి ఉండగా వెనక నాన్న తగ్గుస్వరంతో ఏదో అన్నాడు. నాలుగైదు మాటలు, అంతే. అమ్మ నవ్వింది. నోటి నిండా ముద్ద ఉన్న నవ్వు, ఊపిరాడని నవ్వు. గిర్రున తిరిగేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, చెంప మీద షిరో మరక. నాన్న మాత్రం పళ్లెంలోకి చూస్తూ ఎంతో శ్రద్ధగా తుంచుకుంటున్నాడు.

"ఏంది? ఏమన్నావు నాయనా?"

"ఏం లేదు. పెనం చూసుకో."

ఇప్పుడు ఆ ఇంట్లో రోజూ పన్నెండున్నరకే రెండు ఆకులు పడుతున్నాయి. కావలసినవన్నీ ముందే వడ్డించుకుని ఎదురెదురుగా కూర్చుంటున్నారు. అమ్మకు కళ్లు తిరగడం తగ్గింది, మొన్న రక్త పరీక్ష చూసి డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. నేను పోయిన ప్రతిసారీ ఆ రోజు నవ్వు సంగతి అడుగుతున్నాను. "నీకేమిటికే, మొగుడూ పెండ్లాల మాటలు?" అంటుంది అమ్మ. నాన్నకైతే ఆ ఒక్క ప్రశ్నకే చెవుడు వస్తుంది. అమ్మ నోట్లో ఆ ముద్ద ఆయనే పెట్టాడా, ఆమే పెట్టుకుందా అన్నది కూడా చెప్పరు. అది పోనీ, వదిలేస్తాను. కానీ ఆ నాలుగైదు మాటలు? మా అమ్మను అంతగా నవ్వించడానికి ఆ మనిషి ఏమన్నాడు?